ఎండకు వచ్చి ఏసీలో తగ్గే జ్వరం: చెమట పట్టని ఓ బిడ్డ కేసు

జ్వరం అనగానే డాక్టరు ఆలోచన క్రిమి వైపు పోతుంది. చాలాసార్లు అది సరైన దారే. కానీ ఈ కేసులో ఆ అలవాటు ఒక పసివాణ్ణి రెండు ఎండాకాలాల పాటు యాంటీబయాటిక్స్ మీద ఉంచింది. వాడి ఒంట్లో ఏ క్రిమీ లేదు. వాడి చర్మం తల్లి కడుపులో తయారవుతున్నప్పుడు ఒక పని జరగలేదు. ఆ పని ఎప్పుడు, ఎలా జరగాలో తెలిస్తే పళ్లు, జుట్టు, జ్వరం అన్నీ ఒకే సమస్య అని అర్థమవుతుంది. తెలియకపోతే ఒక్కో లక్షణానికి ఒక్కో డాక్టరు దగ్గరికి తిరగడమే మిగులుతుంది. పిల్లల వైద్యం చేసే యువ డాక్టర్లకూ, ఇలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులకూ పనికొస్తుందని దీన్ని వివరంగా రాస్తున్నాను.

కుటుంబం అనుమతి తీసుకున్నాను. ఊరు, వయసులు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నేపథ్యం

చిత్తూరు వైపు ఒక పల్లె, రేకుల ఇల్లు. తండ్రి మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీకి పోతాడు, మిగతా నెలల్లో కూలి పని. తల్లి తన సొంత మేనమామనే చేసుకుంది. మన జిల్లాలో ఇది మామూలే. అంటే బిడ్డ తండ్రీ, బిడ్డ అమ్మమ్మా ఒక తల్లి పిల్లలు. బిడ్డకు నాయనమ్మ అయిన పెద్దావిడ, బిడ్డ తల్లికి అత్తగారూ అవుతుంది, అమ్మమ్మా అవుతుంది. అందుకే ఆ అమ్మాయి ఆమెను అత్తా అనదు, చిన్నప్పటి నుంచి పిలిచినట్టే "అవ్వా" అంటుంది. ఈ చుట్టరికం ముందుముందు చాలా ముఖ్యమవుతుంది కాబట్టి ఇక్కడే చెబుతున్నాను.

బిడ్డ నెలలు నిండి, మంచి బరువుతో పుట్టాడు. పుట్టిన వారంలో ఒంటి మీద చర్మం పొరలు పొరలుగా ఊడింది. నెల తిరిగేసరికి సర్దుకుంది. తల్లి గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయటికి వచ్చిందని ఇంట్లో ఒక మాట మొదలైంది. ఏడాది లోపు తిరుమల తీసుకెళ్లి కల్యాణకట్టలో పుట్టు వెంట్రుకలు ఇచ్చారు. ఆ తర్వాత జుట్టు సరిగా రాలేదు. పళ్లు కూడా ఆలస్యం. "కొందరికి అంతే, వాళ్ల తాతకూ లేటే" అని సర్దిచెప్పుకున్నారు.

వచ్చిన సమస్య

మొదటి ఎండాకాలంలోనే జ్వరాలు మొదలయ్యాయి. పగలు పదకొండు దాటితే ఒళ్లు కాలిపోయేది, చీకటి పడితే తగ్గేది. వానాకాలంలో, చలికాలంలో బిడ్డ బాగానే ఉన్నాడు. రెండో ఎండాకాలం మళ్లీ అదే. ఈసారి 104 డిగ్రీల జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. అప్పుడు మా దగ్గరికి పంపారు.

వాళ్లు తెచ్చిన ఫైలు మందంగా ఉంది. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు, మూత్రం కల్చర్, ఛాతీ ఎక్స్‌రే, టీబీ చర్మ పరీక్ష, అన్నీ మామూలే. టైఫాయిడ్‌కు చేసే విడాల్ రక్తపరీక్ష మాత్రం ఒకసారి కాస్త ఎక్కువగా వస్తే దాని మీద టైఫాయిడ్ కోర్సు పూర్తిగా వాడారు. రెండుసార్లు వేర్వేరు చోట్ల అడ్మిట్ చేసి ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండుసార్లూ తగ్గింది, ఇంటికి పోయిన మర్నాడో ఆ మర్నాడో మళ్లీ వచ్చింది. "మందు పనిచేస్తుంది, కానీ నిలబడటం లేదు" అని తండ్రి చెప్పాడు. ఆ ఫైలు చదివిన ఎవరికైనా మొదట అదే అనిపిస్తుంది.

ఫైలు నేర్పిన సంగతి

నేను మందుల పేర్లు పక్కన పెట్టి నర్సులు రాసిన జ్వరం చార్టులు చూశాను. రెండు అడ్మిషన్లలోనూ జ్వరం వార్డులోకి వచ్చిన కొద్ది గంటల్లోనే దిగింది. యాంటీబయాటిక్ మొదటి డోసు పడి దాని ప్రభావం మొదలవ్వాలంటే అంత త్వరగా కుదరదు. ఆ రెండుచోట్లా బిడ్డ ఉన్నది ఏసీ గదిలో. క్రెడిట్ ఇంజెక్షన్‌కు పోయింది.

దీన్ని నిరూపించడానికి బిడ్డను ఎండలో కూర్చోబెట్టే పని మాత్రం చేయకూడదు, అది ప్రమాదం. అవసరమూ రాలేదు. మధ్యాహ్నం ఓపీ హాల్లో వేచి ఉన్నప్పుడు నర్సు చూసిన జ్వరం 103 పైన. లోపల ఏసీ గదిలో అరగంట సేపు తల్లితో మాట్లాడాను. ఏ మందూ వేయలేదు. మళ్లీ చూస్తే 100 కిందికి వచ్చింది. నిజమైన జ్వరం అలా దిగదు.

ఈ తేడా కొంచెం విడమరిచి చెప్పాలి. నిజమైన జ్వరంలో మెదడులోని హైపోథాలమస్ శరీరం ఉండాల్సిన ఉష్ణోగ్రతనే పైకి జరుపుతుంది. అందుకే చలి, వణుకు, దుప్పటి కావాలనిపించడం. పారాసిటమాల్ ఆ జరిగిన గుర్తును కిందికి తెస్తుంది, జ్వరం తగ్గుతుంది. వేడి పేరుకోవడం వేరు. అక్కడ మెదడు కోరుకునేది మామూలు ఉష్ణోగ్రతే, వేడిని బయటికి పంపే దారి మూసుకుపోయింది. పారాసిటమాల్‌కు అక్కడ చేయడానికి పని లేదు. ఈ బిడ్డకు నాలుగు గంటలకోసారి అదే పోస్తున్నారు. జ్వరం దిగకపోగా కాలేయం మీద భారం పడుతుంది.

అప్పుడు తల్లిని అడిగాను: "వీడికి చెమట పట్టడం ఎప్పుడైనా చూశావా అమ్మా?"

ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. "లేదు మేడమ్. అందరి బిడ్డలకూ చెమటకాయలు వస్తాయి కదా, వీడికి ఒక్కటి కూడా రాలేదు. మంచిదే అనుకుంటా ఉంటిమి."

నోరు తెరిపించాను. పైన రెండే పళ్లు, మేకు మొనల్లా సన్నగా. కనుబొమ్మలు దాదాపు లేవు. జుట్టు పలచగా, రంగు తక్కువగా ఉంది. కళ్ల చుట్టూ చర్మం నల్లగా, ముడతలు. ముక్కులో గట్టిపడిన పక్కులు. చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మటోస్కోప్ పెట్టి అరచేయి చూశాను. ఆ వయసు పిల్లల అరచేతి గీతల మీద వరుసగా సన్నటి చుక్కలు కనిపిస్తాయి, అవి చెమట రంధ్రాలు. వీడి గీతలు నున్నగా ఉన్నాయి, చుక్కలు లేవు.

చర్మం ఎలా తయారవుతుంది, ఇక్కడ ఏది జరగలేదు

పళ్లు, వెంట్రుకలు, చెమట. బయటికి వీటికి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టే ఉంటుంది. పిండంలో చూస్తే ఇవి ఒకే పొర బిడ్డలు.

పిండానికి మూడో వారంలో మూడు పొరలు ఏర్పడతాయి. పైపొర బహిస్త్వచం. అందులో మధ్య భాగం నాడీ మండలంగా మారుతుంది, మిగిలినది ఒంటి పైచర్మం అవుతుంది. మొదట అది ఒకే ఒక్క కణం మందం. ఐదో వారం ప్రాంతంలో దాని మీద పెరిడెర్మ్ అనే పలచటి తాత్కాలిక పొర వస్తుంది. ఉమ్మనీరులో తేలుతున్న పిండానికి కొన్నాళ్లు అదే రక్షణ. కింది పొర కణాలు విభజన చెందుతూ మధ్య పొరలను పుట్టిస్తాయి. ఈ పొరలు కట్టే పనికి పి63 అనే ప్రోటీన్ మూలాధారం. అది లేని ఎలుక పిల్లలకు పుట్టేసరికి పైచర్మమే ఉండదు, ఒంట్లో నీరు ఆవిరై చనిపోతాయి. మనిషిలో 22 నుంచి 24 వారాల మధ్య పైపొర గట్టిపడటం మొదలవుతుంది, పెరిడెర్మ్ ఊడిపోతుంది. ఊడిన కణాలు, నూనె గ్రంథుల జిడ్డు కలిసి పుట్టిన బిడ్డ ఒంటి మీద మనం చూసే తెల్లటి పూతలో ఉంటాయి. నెలలు నిండని బిడ్డల చర్మం అంత పలచగా ఉండి నీటిని ఆపలేకపోవడానికి కారణం కూడా ఈ క్యాలెండరే.

ఇది పొరల కథ. మన బిడ్డ కథ ఇంకొకటి: ఆ పొర నుంచి అవయవాలు పుట్టడం.

పైచర్మం కింద ఉండే అంతశ్చర్మం వేరే చోటి నుంచి వస్తుంది. వీపు మీద సోమైట్లు అనే, వెన్ను పక్కన వరుసగా ఉండే కణాల ముద్దల నుంచి, పొట్ట, కాళ్లు, చేతుల మీద పక్క మధ్యస్త్వచం, అంటే పిండం మధ్య పొర పక్క భాగం నుంచి, ముఖం మీద నాడీ మండలం అంచున పుట్టే నాడీ శిఖ కణాల నుంచి. ఈ రెండు పొరలూ ఒకదానితో ఒకటి రసాయన సంకేతాలతో మాట్లాడుకుంటాయి. అక్కడక్కడా పైచర్మం కణాలు గుంపుగా చేరి కొంచెం మందమవుతాయి. ఆ మందమైన చోటును ప్లాకోడ్ అంటారు. పన్ను అయినా, వెంట్రుక కుదురైనా, చెమట గ్రంథి అయినా, పాల గ్రంథి అయినా మొదలు ఇలాగే. తర్వాత ఆ ప్లాకోడ్ కిందికి దిగుతుంది. ఎంత లోతుకు, ఏ ఆకారంలో అనేదాన్ని బట్టి అది ఏమవుతుందో తేలుతుంది.

ఒక్కోదానికి ఒక్కో సమయం ఉంది. పళ్ల పట్టీ ఆరో వారంలో మొదలవుతుంది. తొమ్మిది నుంచి పన్నెండు వారాల మధ్య కనుబొమ్మలు, పై పెదవి, గడ్డం మీద మొదటి వెంట్రుక కుదుళ్లు పుడతాయి. అరచేతుల్లో, అరికాళ్లలో చెమట గ్రంథులు నాలుగో నెలలో మొదలవుతాయి. మిగతా ఒంటి మీద 20 వారాల తర్వాత. మనిషికి మొత్తం 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులు. పుట్టిన తర్వాత కొత్తవి రావు. ఎలుకకు ఒంటినిండా బొచ్చు ఉంటుంది కానీ ఈ రకం చెమట గ్రంథులు పాదాల మెత్తల్లోనే. ఒంటినిండా ఇవి ఉండి, వాటి మీదే ఆధారపడి ఎండలో బతికే క్షీరదాల్లో మనిషిది ప్రత్యేక స్థానం. అందుకే ఇవి లేకపోతే మనిషికి వచ్చే నష్టం ఎలుకకు వచ్చేదాని కంటే చాలా పెద్దది.

ప్లాకోడ్ ఎక్కడ పుట్టాలో వింట్ అనే సంకేతం మొదట గుర్తు పెడుతుంది. ఆ గుర్తు నిలబడి బలపడటానికి ఈడీఏ అనే మరో సంకేతం కావాలి. ఈడీఏ ప్రోటీన్ మొదట కణం పైపొరకు అతుక్కుని ఉంటుంది. ఫ్యూరిన్ అనే ఎంజైమ్ దాన్ని కత్తిరిస్తేనే విడుదలై పక్క కణాల మీది ఈడార్ అనే గ్రాహకాన్ని తాకుతుంది. అక్కడి నుంచి కణం లోపల ఎన్‌ఎఫ్ కప్పా బి అనే దారి తెరుచుకుంటుంది. ఈ సంకేతం అందకపోతే కొన్ని ప్లాకోడ్లు బలహీనంగా పుడతాయి, కొన్ని అసలు పుట్టవు. వెంట్రుకలు కొన్ని వస్తాయి, పళ్లు ఒకటి రెండు మేకుల్లా వస్తాయి, చెమట గ్రంథులు దాదాపు రావు. ముక్కు, గొంతు లోపలి తేమ గ్రంథులు కూడా తగ్గుతాయి. ముక్కులో ఆ పక్కులు అందుకే.

ఈ జబ్బును హైపోహైడ్రోటిక్ ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అంటారు. 1875లో డార్విన్ సింధు ప్రాంతంలోని ఒక హిందూ కుటుంబం గురించి రాశాడు. నాలుగు తరాల్లో పది మంది మగవాళ్లకు పళ్లు చాలా కొద్ది, ఒంటి మీద వెంట్రుకలు తక్కువ, ఎండాకాలంలో చర్మం ఎండిపోయి బాధ. ఆడపిల్లలకు రాదు, వాళ్ల కొడుకులకు వస్తుంది. అప్పటికి ఎక్స్ క్రోమోజోమ్ సంగతి ఎవరికీ తెలియదు. ఈడీఏ జన్యువును 1996లో గుర్తించారు. అది ఎక్స్ మీదే ఉంది. మగవాళ్లకు ఎక్స్ ఒకటే, అది తల్లి నుంచి వస్తుంది. ఆడవాళ్లకు రెండు, ఒకటి దెబ్బతిన్నా రెండోది కాస్త కాస్తుంది.

వెంటనే ముద్ర వేయకపోవడానికి కారణాలు

బిడ్డ రూపం చూడగానే రోగనిర్ధారణ దాదాపు అయిపోయింది. అయినా మూడు సంగతులు తేల్చుకోకుండా ముందుకు పోదలచుకోలేదు.

మొదటిది, చెమట పట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. గ్రంథులు ఉంటాయి కానీ వాటికి నరం అందదు. ఆ పిల్లలకు నొప్పి కూడా తెలియదు, నాలుక, వేళ్లు కొరుక్కుంటారు. మా వాడు సూది చూస్తేనే ఏడ్చాడు, పళ్లు జుట్టు సంగతి కూడా దానితో కుదరదు. రెండోది, మూత్రంలో నీరు అతిగా పోయి, ఒంట్లో నీరు తగ్గి వచ్చే జ్వరం. సోడియం మామూలుగా ఉంది, మూత్రం చిక్కగా వస్తోంది. కాబట్టి అదీ కాదు.

మూడోదే అన్నిటికంటే ముఖ్యం. ఎన్‌ఎఫ్ కప్పా బి దారి చర్మానికి ఒక్కదానికే చెందినది కాదు, రోగనిరోధక కణాలు కూడా దాన్నే వాడుకుంటాయి. ఆ దారిలో నెమో అనే ప్రోటీన్ దెబ్బతింటే ఇలాంటి పళ్లు, ఇలాంటి జుట్టుతో పాటు తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. అలాంటి బిడ్డకు "ఇది ఎండ వల్లే, భయపడొద్దు" అని చెప్పి పంపితే ప్రాణం పోవచ్చు. అందుకే ఇమ్యునోగ్లోబులిన్లు అనే రోగనిరోధక ప్రోటీన్ల పరీక్ష, రక్తకణాల పరీక్షలు చేయించాం, బ్లడ్ కల్చర్ పంపాం. అవి వచ్చేవరకూ యాంటీబయాటిక్ మొదలుపెట్టలేదు, కానీ బిడ్డను కళ్ల ముందే ఉంచుకున్నాం. చురుగ్గా ఉన్నాడు, పాలు తాగుతున్నాడు, చల్లటి గదిలో జ్వరం లేదు. ఆ మూడూ ఉన్నాయి కాబట్టే ఆగగలిగాం. ఏ ఒక్కటి మారినా మందు మొదలుపెట్టేవాళ్లం. ఫలితాలన్నీ మామూలుగా వచ్చాయి.

చల్లబరచడంలో పనిచేయనివి

కుటుంబం అప్పటికే చాలా చేసింది. ఐసు నీళ్లతో తుడిచారు. దానితో చర్మం రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి తేలిగ్గా బయటికి రాదు. బిడ్డ వణికితే ఇంకా వేడి పుడుతుంది. పారాసిటమాల్ సంగతి చెప్పాను. రోజూ ఒళ్లంతా ఆముదం దట్టంగా రాసేవాళ్లు. పొడి చర్మానికి మాయిశ్చరైజర్ మంచిదే, కానీ మిట్టమధ్యాహ్నం ఆ జిడ్డు మీద నీళ్లు నిలవవు.

అప్పు చేసి కూలర్ కొన్నారు. కిటికీలు మూసి వేశారు, చల్లదనం బయటికి పోకూడదని. రేకుల ఇంట్లో తలుపులు మూస్తే కూలర్ ఊదే తేమ గదిలోనే పేరుకుంటుంది. తేమ నిండిన గాలిలో తడి ఆవిరి కాదు. బిడ్డ జ్వరం తగ్గలేదు, డబ్బు పోయింది. ఈ సంగతి అందరికీ చెప్పాలనిపిస్తుంది: కూలర్ పెడితే ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి.

పనిచేసినది

బయట 40 డిగ్రీలు దాటినప్పుడు గాలి మన చర్మం కంటే వేడిగా ఉంటుంది. అప్పుడు ఒళ్లు గాలికి వేడి ఇవ్వలేదు, తిరిగి పుచ్చుకుంటుంది. మిగిలిన దారి ఆవిరి ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. ఈ బిడ్డకు చెమట రాదు, కాబట్టి ఆ నీటిని మనం బయటి నుంచి ఇవ్వాలి.

నాయనమ్మకు ఎనుముల సంగతి చెప్పాను. "ఎనుముకు చెమట తక్కువ కదా అవ్వా, అందుకే మధ్యాహ్నం కుంటలో పడుకుంటుంది. నీ మనవడూ అట్లే. వాణ్ణి ఎండలో తడి లేకుండా ఉంచకూడదు." ఆమె వెంటనే, "అంటే ఒంటి మీద నీళ్లు ఉండాల, తాగితే చాలదు" అంది. అంతసేపు నేను వివరించినది ఆ ఒక్క వాక్యంలో చెప్పేసింది.

మామూలు నీళ్లలో తడిపి పిండిన పలచటి కాటన్ చొక్కా, ఫ్యాన్ గాలి. ఆరితే మళ్లీ తడపడం. కరెంటు పోతే విసనకర్ర. బయటికి పోతే స్ప్రే బాటిల్. రేకుల మీద కొబ్బరి మట్టలు పరిచారు. గదిలో గోడకు ఒక చవక థర్మామీటర్ తగిలించి, ఎంత దాటితే చొక్కా తడపాలో గుర్తు పెట్టాం. ముక్కుకు సెలైన్ చుక్కలు, కళ్లకు తేమ చుక్కలు, రాత్రిపూట మాయిశ్చరైజర్.

దీనితో పాటు ఒక నియమం రాసి ఇచ్చాను, దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. జ్వరం వస్తే ముందు చల్లని చోట తడి చొక్కాతో అరగంట నుంచి ముప్పావుగంట ఉంచాలి. దిగితే అది ఎండ. దిగకపోతే, లేదా రాత్రి చల్లటి వేళ వస్తే, లేదా బిడ్డ డల్‌గా ఉంటే, పాలు మానేస్తే, ఎగశ్వాస ఉంటే అది ఇన్‌ఫెక్షన్ అనుకుని వెంటనే రావాలి. ఈ పిల్లలకు చెవి, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు మామూలు పిల్లల కంటే ఎక్కువే వస్తాయి. "వీడికి ఎప్పుడూ ఉండేదే" అని ఇంట్లో ఊరుకోవడం కూడా అనవసరంగా ఇచ్చే యాంటీబయాటిక్ అంత ప్రమాదం. ఆ చలికాలంలో ఒక రాత్రి 102 జ్వరం వచ్చింది. చల్లబరిచినా దిగలేదని తెల్లవారేసరికి తీసుకొచ్చారు. చెవిలో చీము ఉంది. అప్పుడు యాంటీబయాటిక్ ఇచ్చాం, తగ్గింది.

తర్వాతి ఎండాకాలంలో రోహిణి కార్తె దాటేవరకు ఒక్క అడ్మిషన్ కూడా లేదు. ఫిట్స్ మళ్లీ రాలేదు. మాటలు, నడక వయసుకు తగ్గట్టే ఉన్నాయి.

ఎవరి వల్ల అన్న ప్రశ్న

వైద్యం కంటే ఇది కష్టమైంది. ఎక్కడో ఎవరో "మేనరికం చేసుకుంటే ఇంతే" అన్నారట. ఇంట్లోనేమో గ్రహణం మాట. రెండూ తల్లి మీదికే వచ్చాయి.

ఈ జబ్బులో ఎక్స్ మీది రకమే ఎక్కువ, కానీ తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొక దెబ్బతిన్న జన్యువు వస్తే వచ్చే రకం కూడా ఉంది, ఈడార్ జన్యువులో. దాని అవకాశాన్ని మేనరికం నిజంగానే పెంచుతుంది. మన ప్రాంతంలో ఏదని ఊహించి చెప్పకూడదు. జన్యు పరీక్షకు పంపాం. అది వచ్చేలోపు తల్లికి స్టార్చ్, అయోడిన్ పరీక్ష చేశాం. వీపు మీద అయోడిన్ పూసి, ఆరాక గంజిపొడి చల్లితే చెమట పట్టిన చోట నల్లగా మారుతుంది. ఆమె వీపు మీద నలుపు మధ్యలో తెల్లటి పట్టీలు వచ్చాయి, వెన్నెముక దగ్గర కిందికి వంగి కలిసేవి.

ఆ పట్టీలు కూడా పిండం గీసినవే. ఆడపిండంలో చాలా తొలి దశలోనే ప్రతి కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని ఆపేస్తుంది. 1961లో మేరీ లయన్ ఎలుకల బొచ్చు మచ్చలు చూసి ఈ సంగతి చెప్పింది. ఏ కణం ఏ ఎక్స్ ఆపిందో దాని సంతతి అంతా అదే పాటిస్తుంది. చర్మం పెరుగుతూ ఆ కణాలు కొన్ని దారుల్లో పరుచుకుంటాయి. ఆ దారులను 1901లో బ్లాష్కో అనే జర్మన్ చర్మవైద్యుడు గీసి చూపించాడు. మంచి జన్యువు పనిచేసే పట్టీలో చెమట గ్రంథులు ఉన్నాయి, పక్క పట్టీలో లేవు.

పెద్దావిడ అంతా చూసి, "నాకూ పూయి మేడమ్" అంది. పూశాం. ఆమెకూ పట్టీలే. పెళ్లినాటికే తనకు సగం పళ్లు లేవని, తన రెండో కొడుకు రెండేళ్లు నిండకుండా ఎండాకాలంలో జ్వరంతో పోయాడని అప్పుడు చెప్పింది.

అక్కడ నేను ఆగి ఆలోచించాల్సి వచ్చింది. చుట్టరికం తెలుసు కాబట్టి జన్యువు ఏ దారిలో వచ్చిందో నాకు అర్థమైంది: ఈమె నుంచి కూతురికి, ఆ కూతురి నుంచి మనవరాలికి, అక్కడి నుంచి ఈ బిడ్డకు. అలాగే చెబితే నింద ఒక ఆడమనిషి మీది నుంచి ఇంకొకరి మీదికి జరుగుతుంది. అందుకే పేర్లు లేకుండా మొదలుపెట్టాను. జన్యువు నకలు రాసేటప్పుడు ఎప్పుడో ఒక తప్పు పడుతుందని, ఎవరు తిన్నదీ తిరిగినదీ దానికి కారణం కాదని, గ్రహణానికి సంబంధమే లేదని ముందు చెప్పాను. తర్వాత కాగితం మీద వంశవృక్షం గీశాను. తండ్రి ఆరోగ్యంగా ఉన్నాడంటే తన తల్లి నుంచి మంచి ఎక్స్ వచ్చింది. అతను కొడుకుకు ఇచ్చింది వై, కాబట్టి ఈ జబ్బు అతని నుంచి రాలేదు. ఆ అమ్మాయి బయటి సంబంధం చేసుకున్నా మగబిడ్డకు వచ్చే అవకాశం ఇంతే ఉండేది. పెద్దావిడ మనవరాలి చేయి పట్టుకుని, "నా కొడుకు పోయినప్పుడు నన్నూ అందరూ అన్నారు. నువ్వు ఏడవద్దు" అంది.

జన్యు రిపోర్టు ఈడీఏ జన్యువులోనే వచ్చింది, ఫ్యూరిన్ కత్తిరించాల్సిన చోట ఒక్క అక్షరం తేడా. ప్రోటీన్ తయారవుతుంది, కానీ కణం నుంచి విడివడదు. తల్లిలోనూ అదే తేడా ఉంది.

ఈ కేసు తర్వాత నా ఓపీలో మారినవి

ఎండాకాలంలో పదేపదే జ్వరమని వచ్చే ప్రతి పసిబిడ్డ తల్లినీ చెమట పడుతుందా, చెమటకాయలు వస్తాయా అని అడుగుతున్నాను. పుట్టు వెంట్రుకలు ఇచ్చాక జుట్టు ఎలా వచ్చిందని అడిగితే మన ప్రాంతంలో అందరికీ వెంటనే గుర్తుంటుంది, చాలా పనికొచ్చే ప్రశ్న. పళ్లు ఆలస్యమైతే నోట్లో వేలు పెట్టి చిగుళ్ల కింది ఎముక మందం చూస్తాను. పన్ను కుదురు లేనిచోట ఆ ఎముక సన్నగా ఉంటుంది. వార్డు చార్టులో జ్వరం పక్కన బిడ్డ ఉన్న గది ఏసీయా, కాదా అని రాయిస్తున్నాం.

పళ్ల సంగతి దంతవైద్యులకు అప్పగించాం. మూడేళ్ల వయసులో మొదటి కట్టుడు పళ్ల సెట్ పెట్టారు. దవడ పెరిగే కొద్దీ మార్చుకుంటూ పోవాలి. అంగన్‌వాడీ టీచరుకు ఒక ఉత్తరం రాసి ఇచ్చాను: తడి చొక్కాతో కూర్చుంటే తిట్టకండి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టండి, ఎండ ముదిరాక బయట ఆడించకండి.

తల్లి అడిగిన చివరి ప్రశ్న ఇంకో బిడ్డ గురించి. మగబిడ్డ అయితే సగం అవకాశం జబ్బుకు, ఆడబిడ్డ అయితే సగం అవకాశం తల్లిలా జన్యువును మోయడానికి. గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి పరీక్ష చేయొచ్చు. 1994 చట్టం లింగ నిర్ధారణను నిషేధించింది కానీ, ఎక్స్ మీద వచ్చే ఇలాంటి జబ్బుల కోసం నమోదైన జన్యు కేంద్రాల్లో పరీక్షను అనుమతిస్తుంది. పరీక్ష వద్దనుకుంటే అయిదో నెల స్కాన్‌లో పళ్ల కుదుళ్లు ఉన్నాయా అని చూసే వీలుంది.

చికిత్స గురించీ చెప్పాను, ఆశ పెంచకుండా. 2003లో ఇదే జన్యువు దెబ్బతిన్న ఎలుకల్లో గర్భంతో ఉన్న తల్లికి ఈడీఏ ప్రోటీన్ ఎక్కిస్తే పిల్లల లోపం చాలావరకు శాశ్వతంగా సరైంది. ముగ్గురు గర్భస్థ శిశువులకు చేసిన ఈ చికిత్స ఫలితాలను 2018లో జర్మనీ వైద్యులు ప్రకటించారు. ఉమ్మనీటిలోకి ఆ ప్రోటీన్ ఎక్కించారు, కవలలకు 26, 31 వారాల్లో, మూడో శిశువుకు 26వ వారంలో. పిండం ఆ నీటిని మింగుతుంది, పేగు ద్వారా అది రక్తంలోకి పోతుంది. ఆ పిల్లలకు చెమట పట్టింది. చెమట గ్రంథులు పుట్టే రోజుల్లో అందింది కాబట్టి పనిచేసింది. పుట్టేసిన మన బిడ్డకు అది పనికిరాదని కూడా స్పష్టంగా చెప్పాను. ఆ చికిత్స ఇక్కడ మామూలు వైద్యంగా దొరకదు.

భార్యాభర్తలు ఇంకా నిర్ణయించుకోలేదు. నేను తొందరపెట్టలేదు. కొన్ని నెలల తర్వాత తల్లి చెల్లెలు ఒంటరిగా వచ్చింది, ఇంట్లో ఆమెకు సంబంధాలు చూస్తున్నారు. తనకూ పరీక్ష చేయమని, ఫలితం తనకు మాత్రమే చెప్పమని అడిగింది. ఆమె మేజర్. ముందు కౌన్సెలింగ్ చేసి, సంతకం తీసుకుని రక్తం పంపాం. రిపోర్టు ఆమె చేతికే ఇచ్చాను. ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి అడిగితే, ఆమెనే అడగమని చెప్పాను.